విశాఖలో శీతాకాలానికి పూలపొదలు: ఏది, ఎక్కడ, ఎప్పుడు

మంచు కురిసే దేశాల్లో శీతాకాలానికి పొదలు ఎంచుకోవడమంటే, ఆకులన్నీ రాలాక కంటికి ఏం మిగులుతుందో చూసుకోవడం. ఎర్రటి కొమ్మల డాగ్‌వుడ్, ఎర్రపండ్లు గుత్తులుగా నిలిచే హోలీ, మోడుకొమ్మ మీద పసుపు పోగుల్లా పూసే విచ్ హేజెల్ అక్కడ నాటుతారు. వీడియోల్లో అవి చూస్తే మనకూ తెప్పించుకోవాలనిపిస్తుంది. ఆ ఖర్చు పెట్టకండి. విచ్ హేజెల్ లాంటి వాటికి వారాల తరబడి గట్టి చలి తగిలితేగాని మొగ్గ కదలదు. విశాఖలో జనవరి రాత్రి కూడా మామూలుగా 16 నుంచి 20 డిగ్రీలుంటుంది. లంబసింగి చలి వేరు, ఎంవీపీ కాలనీ చలి వేరు.

మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తోటకు ఏడాదిలోకెల్లా మంచి రోజులు. ఉక్క తగ్గుతుంది, ఎండ మెత్తబడుతుంది, కార్తీకం మొదలుకొని సంక్రాంతి దాకా ఇంట్లో పువ్వు అవసరం రోజూ ఉంటుంది. అయినా డిసెంబరులో చాలా పెరళ్లు పచ్చగా, ఏపుగా, ఒక్క పువ్వు లేకుండా ఉంటాయి. తప్పు చాలాసార్లు మొక్కది కాదు. శీతాకాలపు పువ్వు సెప్టెంబరులో కొమ్మ చివర తయారవుతుంది. దసరాకు ఇల్లూ వాకిలీ శుభ్రం చేసే ఊపులో సరిగ్గా ఆ కొమ్మ చివర్లనే కత్తిరించేస్తాం. అందుకే కింద ముఖ్యమైన పొదలకు కత్తెర ఏ తేదీకి పక్కన పెట్టాలో చెప్పాం. పొద పేరు మరిచిపోయినా పరవాలేదు, ఆ తేదీ మరవకండి.

ముందు నీడ కొలవండి

డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. నెల మూడో వారంలో విశాఖలో మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉండిపోతాడు. అంటే 10 అడుగుల గోడ ఉత్తరం వైపు దాదాపు 9 అడుగుల నీడ పరుస్తుంది. 22 అడుగుల ఎత్తున్న మేడ అయితే 19 అడుగుల నీడ. అదే ఉత్తరపు పెరట్లో జూన్‌లో చక్కగా ఎండ పడుతుంది, ఎందుకంటే అప్పుడు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు. జూన్ ఎండ చూసి ఉత్తరపు గోడ పక్కన కాగితంపూల మొక్క నాటితే, అది పూయాల్సిన నెలల్లోనే రోజంతా నీడలో ఉంటుంది. ఆకులే వేస్తుంది.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి నీడ అంచు ఎక్కడుందో సుద్దతోనో చిన్న రాళ్లతోనో గుర్తు పెట్టండి. మూడుసార్లూ ఎండలో ఉన్న నేల కాగితంపూలకు, గులాబీకి, పాయిన్‌సెట్టియాకు (క్రిస్మస్ మొక్క). రెండుసార్లు ఎండ తగిలిన నేల డిసెంబరాలకు, మందారానికి. ఒక్కసారే తగిలితే కనకాంబరం, నందివర్ధనం. మీరు చదువుతున్నది జూలైలో అయితే లెక్క కట్టుకోవచ్చు: దక్షిణాన ఉన్న గోడ ఎత్తును 0.9తో గుణిస్తే డిసెంబరు మధ్యాహ్నపు నీడ పొడవు వస్తుంది. పక్కింటి అపార్టుమెంటును మరవకండి. దానికి మీ ప్రహరీ లోపలికి నీడ పంపే ఎత్తు బాగానే ఉంటుంది.

రాత్రి వెలుతురూ చూడాలి. పాయిన్‌సెట్టియాకు వీధి దీపం పగతో సమానం. కారణం దాని దగ్గర చెబుతాం.

సముద్రపు గాలి

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ, భీమిలి వైపు ఇళ్లకు, సముద్రం కనిపించే మేడలన్నిటికీ ఉప్పుగాలి లెక్కలోకి వస్తుంది. ఉప్పు తగిలిన మొక్కను గుర్తుపట్టడం తేలిక: సముద్రం వైపు ఆకుల అంచులే ముందు మాడతాయి, ఇంటి వైపు ఆకులు బాగుంటాయి. నీళ్లు చాలకపోతే అన్ని వైపులా ఒకేలా వాడుతుంది. ఈ తేడా తెలియక ఉప్పు మాడును చూసి రోజూ బకెట్లు పోసి వేరు కుళ్లబెట్టేవారు చాలామంది. ఉప్పుగాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు తడిసేలా కడగడమే మందు.

గాలికి ఎదురుగా గన్నేరును మించినది లేదు. ఉప్పుకు, గాలికి, ఇసుకకు మూడిటికీ తట్టుకుంటుంది. కాగితంపూలు దాని పక్కన నిలుస్తాయి. సముద్రం వైపు 4 అడుగుల ఎడంతో గన్నేరు వరస వేసి, దాని వెనక 6 అడుగులు వదిలి మిగతా పొదలు నాటండి. గట్టి ప్రహరీ గోడ కంటే కొమ్మల వరస మంచిది. గోడను దాటిన గాలి వెనక వైపు సుడి తిరిగి కిందికి కొడుతుంది, కొమ్మల్లోంచి వచ్చిన గాలి జల్లెడ పట్టినట్టు నెమ్మదిస్తుంది. మేడ మీదైతే 50 శాతం షేడ్ నెట్‌ను నిలువుగా కడితే అదే పని చేస్తుంది.

ఒక జాగ్రత్త. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. కత్తిరించిన కొమ్మలు వీధిలో పారేస్తే ఆవులు, మేకలు తిని చచ్చిపోతాయి. పొగ కూడా మంచిది కాదు, కాల్చకండి. గోనెసంచిలో మూట కట్టి చెత్తబండికి ఇవ్వండి. పాకే పిల్లలున్న ఇంట్లో గన్నేరు బదులు కాగితంపూలతోనే కంచె వేసుకోండి.

ఇక తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. ఎత్తు పెరిగే మొక్కను ఈ ఊళ్లో పెంచేవారెవరైనా అక్టోబరు, నవంబరు నెలలను మనసులో పెట్టుకోవాలి. పొదలను 6 అడుగులు దాటనివ్వకండి. కొత్తగా నాటిన వాటికి కాండానికి ఇరువైపులా రెండు కర్రలు పాతి, కొబ్బరి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కడితే గాలికి తాడు దగ్గరే కాండం విరుగుతుంది.

డిసెంబరాలు

ఒక్క పొదకే చోటుంటే ఇదే నాటండి. ఊదా, తెలుపు, గులాబి, ఊదా మీద తెల్ల చారలు, నాలుగు రకాలూ నర్సరీల్లో దొరుకుతాయి. వాసన ఉండదు. కానీ నవంబరులో మొదలై జనవరి ఆఖరుదాకా రోజూ పూస్తాయి, మాలకు బాగా కుదురుతాయి, ధనుర్మాసమంతా గొబ్బెమ్మలకు వెతుక్కోనక్కర్లేదు. మొక్క 3 నుంచి 4 అడుగులు పెరుగుతుంది. 2 అడుగుల ఎడంతో ఐదు మొక్కలు వరసగా వేస్తే 10 అడుగుల కంచె తయారవుతుంది. రంగులు కలిపి నాటడం కంటే ఒకే రంగు మూడేసి మొక్కలు పక్కపక్కన ఉంటేనే దూరం నుంచి నిండుగా కనిపిస్తుంది.

అక్టోబరులో కొమ్మ చివర దగ్గరగా చూడండి. ఆకు మొదట్లో పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చిన్న గుత్తి కనిపిస్తుంది. ప్రతి పొలుసు అంచునా సన్నని ముళ్లలాంటి పళ్లుంటాయి. చేత్తో నొక్కితే గరుకుగా తగులుతుంది. ఆ గుత్తే నెల తర్వాత పువ్వులిస్తుంది. మెత్తగా, నునుపుగా ఉన్న చివరైతే అది ఇంకా ఆకు చిగురే. కత్తిరించాలా వద్దా అన్న సందేహం వస్తే వేలితో ముట్టి చూడండి, గరుకుగా ఉంటే వదిలేయండి.

కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు. ఫిబ్రవరి ఆఖరులో నేల నుంచి ఒక అడుగు ఉంచి మొత్తం కోసేయండి. వానలకు కొత్త చిగుళ్లు వస్తాయి. జూలైలో ప్రతి చిగురు కొసనూ 2 అంగుళాలు గిల్లండి, పక్క కొమ్మలు పుడతాయి. ఆగస్టు 31 తర్వాత కత్తెర పెట్టొద్దు. యూరియా కూడా ఆగస్టుతో ఆపేయాలి. నత్రజని ఎక్కువైతే పొద నల్లటి పచ్చదనంతో మిసమిసలాడుతుంది, పువ్వు మాత్రం జనవరికి గాని రాదు.

పూలు రాలాక గుత్తి గోధుమరంగు కాగితంలా ఎండి కొమ్మనే అంటిపెట్టుకుంటుంది. వారానికోసారి వాటిని తీసేస్తే పొద అందంగా ఉంటుంది, కింది గుత్తులకు బలం మిగులుతుంది. వదిలేస్తే కాయలు పగిలి గింజలు దూరంగా చిమ్ముతాయి, వచ్చే వానలకు నడవ నిండా మొలకలే.

పాయిన్‌సెట్టియా

నర్సరీలో క్రిస్మస్ మొక్క అని అడిగినా ఇస్తారు. ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే. అసలు పువ్వులు మధ్యలో పచ్చగా, పసుపుగా గుండ్రటి గింజల్లా ఉంటాయి. కొనేటప్పుడు చూడాల్సింది వాటినే: ఆ గింజలు ఇంకా మూసుకుని ఉంటే ఎరుపు నెలన్నర, రెండు నెలలు నిలుస్తుంది. అవి విచ్చుకుని పుప్పొడి రాలుతుంటే, లేదా రాలిపోయి మధ్యలో ఖాళీ కనిపిస్తుంటే, ఎంత ఎర్రగా ఉన్నా ఆ మొక్క వద్దు.

డిసెంబరులో అమ్మే మొక్కలు అడుగు ఎత్తులో గుబురుగా ఉంటాయి. చాలావాటికి ఎదుగుదల ఆపే మందు కొట్టి అలా పెంచుతారు. నేలలో నాటాక ఆ ప్రభావం పోయి, మరుసటి ఏడాది 6 అడుగులకు పైగా సాగుతుంది. మొక్క మారిపోయిందని కంగారు పడకండి, దాని సహజ రూపం అదే. అందుకే మొదటి వరసలో నాటకూడదు, వెనక్కి నాటాలి.

దీని కిటుకంతా చీకటిలో ఉంది. రాత్రి 12 గంటలకు మించి పొడవైతేనే ఇది ఎర్రబడే పనికి దిగుతుంది. విశాఖలో జూన్ పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరు పగలు సుమారు 11 గంటలు. సెప్టెంబరు ఆఖరు నుంచి రాత్రి పెద్దదవుతుంది, అక్కడి నుంచి 8 నుంచి 10 వారాలు ప్రతి రాత్రీ అడ్డులేని చీకటి ఉంటే డిసెంబరు మొదటి వారానికి ఎరుపు తిరుగుతుంది. మధ్యలో వీధి దీపం, గేటు దీపం, వరండా లైటు పడితే మొక్క రాత్రిని లెక్కలోకి తీసుకోదు. ఒకే పొదలో గోడ చాటునున్న సగం ఎర్రగా, దీపం వైపు సగం పచ్చగా ఉంటే కారణం అదే, ఎరువు కాదు.

చీకటి చోటు లేకపోతే కుండీలో పెంచండి. సెప్టెంబరు ఆఖరి వారం నుంచి సాయంత్రం 5:30కి అట్టపెట్టె బోర్లించి ఉదయం 7:30కి తీయండి. పగలంతా నిండు ఎండలో ఉంచాలి. ఆకులు పూర్తిగా ఎర్రబడ్డాక పెట్టె అక్కర్లేదు, అప్పుడు గుమ్మంలో దీపం కింద పెట్టుకున్నా రంగు పోదు.

ప్రతి కొమ్మ చివర ఒకే ఎర్రగుత్తి వస్తుంది. కాబట్టి కొమ్మలెన్ని ఉంటే గుత్తులన్ని. మార్చిలో అడుగున్నర ఎత్తుకు కోసి, జూలైలో ఒకసారి, సెప్టెంబరు 10 లోపు మరోసారి, కింద నాలుగైదు ఆకులు ఉంచి కొసలు గిల్లండి. ఆ తేదీ దాటాక గిల్లితే కొత్త కొమ్మకు ఎదిగే వ్యవధి చాలదు, గుత్తి చిన్నదవుతుంది. కోసినప్పుడు కారే పాలు చర్మానికి దురద, కంటికి మంట తెస్తాయి. తొడుగులు వేసుకుని, కోసిన చోట బూడిద అద్దండి. ఆకు కింద తెల్లదోమ చేరుతుంది. పసుపు జిగురు అట్టలు రెండు మొక్కకు అడుగు దూరంలో వేలాడదీస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

కాగితంపూలు, పౌడర్ పఫ్, గులాబీ, మిగతావి

కాగితంపూలకు (బోగన్‌విలియా అన్నా ఇదే) నీళ్లు తగ్గించడమే ఎరువు. వేరు ఆరితేనే పువ్వు. మన దగ్గర అక్టోబరు వానల్లో అది కుదరదు. అందుకే వానలు వెనకబట్టాక, నవంబరు రెండో వారంలో పొడుగు తీగల కొసలు అడుగు మేర కోసి, నీళ్లు ఆపేయండి. కుండీ మొక్క అయితే ఆకులు మధ్యాహ్నం కాస్త వాలి సాయంత్రానికి తేరుకునేంత వరకే ఎండబెట్టాలి. సాయంత్రానికీ తేరుకోకపోతే ఒక మగ్గు నీళ్లు ఇవ్వండి. ఇలా రెండు మూడు వారాలు చేస్తే ముళ్ల పక్కన గులాబి చుక్కల్లాంటి మొగ్గలు కనిపిస్తాయి. అవి కనిపించిన రోజు నుంచి మామూలుగా నీళ్లివ్వాలి. అప్పుడూ ఎండగడితే మొగ్గ రాలిపోతుంది. సంక్రాంతికి పొద నిండుతుంది. దీనికి పెద్ద కుండీ పెట్టడం తప్పు. వేర్లు ఇరుగ్గా ఉంటేనే పూస్తుంది, 12 అంగుళాల కుండీ మూడేళ్లకు సరిపోతుంది. రోజుకు కనీసం 6 గంటల నేరు ఎండ లేని చోట ఎంత చేసినా పూయదు, ఆ చోటుకు వేరే మొక్క చూసుకోండి.

పౌడర్ పఫ్‌ను విశాఖలో ఇంకా ఎక్కువమంది నాటాలి. నవంబరు నుంచి మార్చి దాకా పువ్వుంటుంది. మొగ్గ ముందు మల్బరీ పండులా గుండ్రంగా, బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది. విచ్చితే అరచేతిలో సగం ఉండే ఎర్రటి కుచ్చు. రేకులు కనిపించవు, ఆ ఎర్రదనమంతా కేసరాలదే. తేనెపిట్టలు పొద్దున్నే వాలతాయి. కొత్త చిగురు రాగి రంగులో ఉంటుంది, చింతాకులా చిన్న ఆకులు చీకటి పడగానే ముడుచుకుంటాయి. సహజంగా 8, 10 అడుగులు పోతుంది కాబట్టి చోటుంటేనే నాటండి, ఏప్రిల్లో మూడో వంతు కోసి 6 అడుగుల్లో ఉంచండి. ఆగస్టు తర్వాత కోయొద్దు. ఉప్పుగాలి నేరుగా తగిలే చోట ఆకు మాడుతుంది. కొమ్మాది, పెందుర్తి, గోపాలపట్నం వైపు బాగా వస్తుంది.

గులాబీకి మాత్రం కత్తిరింపు తేదీ తలకిందులు. వానలు తగ్గే సూచన చూసుకుని అక్టోబరు ఆఖరులో గాని నవంబరు మొదటి వారంలో గాని కోయాలి. 45 నుంచి 50 రోజులకు, అంటే డిసెంబరు మధ్యకు పూస్తుంది. బయటి వైపు చూసే కన్నుకు (కొమ్మ మీద చిగురు పుట్టే చోటుకు) పావు అంగుళం పైన, ఏటవాలుగా కోసి, కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. తుఫాను హెచ్చరిక ఉంటే వారం ఆగండి. తడి గాలిలో కోసిన కొమ్మ పై నుంచి నల్లబడుతూ కిందికి ఎండిపోతుంది. మంచు పడే తెల్లవారుజాముల్లో ఆకు మీద బూడిద తెగులు వస్తే నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పొద్దుటి పూట కొట్టండి.

కనకాంబరం ముందు వరసకు. అడుగున్నర ఎత్తు, సగం నీడ చాలు. ఇసుక నేలల్లో వేరుకు నులిపురుగు పట్టి మొక్క పాలిపోయి కుంగిపోతుంది. పీకి చూస్తే వేరు మీద ముడులు కనిపిస్తాయి. ఆ పాదులో మళ్లీ కనకాంబరం నాటకండి, బంతి వేయండి. కొత్త పాదులో గుప్పెడు వేపపిండి కలపడం తప్పనిసరి.

రామబాణం (కొందరు నూరు వరహాలంటారు) శీతాకాలంలో తగ్గి పూస్తుంది, కానీ పొద ఆకారం ఏడాదంతా ముచ్చటగా ఉంటుంది. సిమెంటు గోడకు ఆనించి నాటితే ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. గోడలోంచి, పునాదిలోంచి సున్నం మట్టిలోకి దిగి వేరుకు ఇనుము అందకుండా చేస్తుంది. గోడకు రెండున్నర అడుగులు వదలండి. ఇప్పటికే పసుపుబారితే ఇనుము చిలేట్ పొడి లీటరుకు అర గ్రాము కలిపి పది రోజులకోసారి మూడుసార్లు ఆకుల మీద కొడితే తేరుకుంటుంది. మందారం డిసెంబరులోనూ పూస్తుంది, కానీ పొడి వాతావరణంలో పిండినల్లి దాని మీదికే వస్తుంది. చీమలు కాండం మీద బారులు తీరితే నల్లి చేరుతోందని అర్థం.

పువ్వు లేకున్నా రంగు కావాలంటే క్రోటన్లు. నీడలో పచ్చగా మారిన క్రోటన్‌ను నవంబరు ఎండలోకి మెల్లగా, రోజుకో గంట పెంచుతూ తెస్తే కొత్త ఆకులు ఎరుపు, పసుపు తిరుగుతాయి. పాత ఆకుల రంగు మారదు.

శీతాకాలం చూపు కోసమైతే ఇంటి ముందు నాటకూడనివి: ముసెండా, దేవగన్నేరు, మల్లె. మొదటి రెండూ చలికి ఆకులు రాల్చి మోడుగా నిలబడతాయి. మల్లెకు అది విశ్రాంతి కాలం, వేసవి పువ్వు కోసం జనవరిలో ఎలాగూ కత్తిరించాలి. మూడూ మంచి మొక్కలే, పక్కకో వెనక్కో నాటండి.

కొనడం, నాటడం

రంగు చూసి ఎంచుకోవడానికి డిసెంబరులో నర్సరీకి వెళ్లండి. నాటడానికి మాత్రం జూన్ ఆఖరు, జూలై మేలు. అప్పుడు వీలు కాకపోతే తుఫాన్లు సద్దుమణిగాక నవంబరు ఆఖరు. అక్టోబరులో వద్దు, వేరు పట్టని మొక్కను గాలి ఊపి ఊపి వదులు చేస్తుంది.

విశాఖ నర్సరీల మొక్కల్లో చాలావరకు రాజమహేంద్రవరం దగ్గరి కడియం నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేరు చుట్టూ ఉండేది గోదావరి బంకమన్ను. మన ఎర్రమన్నులోనో ఇసుకలోనో ఆ ముద్దను అలాగే పాతితే, ఒకసారి ఎండిన ముద్ద రాయిలా బిగుస్తుంది. పోసిన నీళ్లు దాని చుట్టూ జారి కిందికి పోతాయి. పాదు తడిగా ఉంటుంది, మొక్క మాత్రం వాడిపోతుంది. నాటే ముందు కవరుతో సహా బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా, సుమారు 15 నిమిషాలు ముంచండి. తర్వాత కవరు చీల్చి, పైపొర బంకమన్నును వేళ్లతో అర అంగుళం మేర రాల్చండి. గుండ్రంగా చుట్టుకున్న వేర్లుంటే మూడు చోట్ల నిలువుగా కోయండి. కాగితంపూలకు ఈ పని చేయొద్దు, దాని వేర్లు పెళుసు. కవరు అడుగు కోసి గుంతలో దించాక పక్కలు చీల్చి లాగేయాలి.

గుంత 1.5 అడుగుల పొడవు, వెడల్పు, లోతు. కొండవాలు ఇళ్లలో కంకర తగిలితే 2 అడుగులు తవ్వి రాయి ఏరేయండి. తీసిన మట్టిలో 8 నుంచి 10 కిలోలు బాగా మాగిన పశువుల గెత్తం, పావుకిలో వేపపిండి, 100 గ్రాములు ఎముకల పొడి కలపండి. తీరపు ఇసుక నేలయితే తీసిన ఇసుకలో సగం పక్కన పెట్టి ఆ సగానికి ఎర్రమన్ను వేయాలి. ఎర్రమన్ను కొనేటప్పుడు ఎక్కడిదో అడగండి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ సంపద, ఆ మట్టి మన పెరటికి వద్దు. వేడిగా, ముక్కు అదిరేలా వాసన వచ్చే గెత్తం ఇంకా మాగలేదు, వేరును కాలుస్తుంది.

కవరులో మట్టి ఏ మట్టానికి ఉందో గుంతలోనూ అదే మట్టానికి ఉండాలి. కాండం పూడిస్తే మొదలు కుళ్లుతుంది. నాటిన వెంటనే 10 లీటర్లు పోసి, పాదులో ఎండుటాకులు గాని కొబ్బరి పీచు గాని 2 అంగుళాల మందాన పరచండి, కాండానికి 3 అంగుళాలు ఖాళీ వదలండి. కుండీకైతే ఎర్రమన్ను రెండు పాళ్లు, గెత్తం ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా

నేలలో కుదురుకున్న పొదకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 8 నుంచి 10 లీటర్లు. కాగితంపూలకు పది రోజులకోసారి. కుండీలకు రోజు విడిచి రోజు, అదీ వేలు రెండు కణుపుల లోతు గుచ్చి పొడిగా తగిలితేనే. సముద్రానికి దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు కొన్నిచోట్ల ఉప్పగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే ఉప్పు పేరుకుంటోంది. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతలు మున్సిపాలిటీ నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు రంధ్రంలోంచి కారనివ్వండి. పొటాష్ వేయాలనుకుంటే ఇలాంటి చోట మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు, అందులో క్లోరైడు ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 5 గ్రాములు కలిపి, అక్టోబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆకుల మీద కొడితే పువ్వు రంగు గట్టిపడుతుంది.

పిండినల్లికి వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం 1 మిల్లీలీటరు. ముందు సబ్బును కాసిని నీళ్లలో నూనెతో బాగా గిలకొట్టి, తర్వాత మిగతా నీళ్లు పోయండి. నేరుగా నీళ్లలో నూనె వేస్తే పైన తేలి, ఆకు మీద పడ్డ చోటల్లా మచ్చ వేస్తుంది. సాయంత్రం ఎండ దిగాకే, ఆకు అడుగున తగిలేలా, వారం ఎడంతో మూడుసార్లు. నందివర్ధనం, గన్నేరు ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే పొద కింద నల్లటి మిరియాల్లాంటి రెట్ట కోసం చూడండి. దానికి సరిగ్గా పై కొమ్మ మీద వేలంత ఆకుపచ్చ గొంగళి ఉంటుంది. చేత్తో ఏరేయడమే చాలు, మందు అక్కర్లేదు.

మొక్క బాగున్నా డిసెంబరు 20 నాటికి మొగ్గే లేకపోతే ఎరువు వేయకండి. మూడు చూడండి: పైన చెప్పిన తేదీ దాటాక కోశారా, మధ్యాహ్నం నీడలో ఉందా, రాత్రి దీపం పడుతోందా. మొదటిదైతే ఈ ఏటికి వదిలేయాలి. రెండోదైతే కుండీ జరపండి, నేలలో ఉన్నదాన్ని వచ్చే జూన్‌లో తీసి నాటండి. మూడోది పాయిన్‌సెట్టియాకే. జనవరిలో కప్పడం మొదలుపెడితే ఎర్రబడేసరికి ఎండలు ముదురుతాయి, సెప్టెంబరు దాకా ఆగండి.

శివరాత్రి దాటాక పూలు తగ్గుతాయి. డిసెంబరాలు కోసినప్పుడు పెన్సిలంత లావు కొమ్మలు ఏరి, 6 అంగుళాల ముక్కలు చేసి, కింది సగం ఆకులు తీసి తడి ఇసుకలో గుచ్చండి. పాయిన్‌సెట్టియా ముక్కలను మాత్రం పాలు ఆరేదాకా ఒక పూట నీడలో ఉంచి గుచ్చాలి. వేసవి ముదరకముందే వేరు పట్టాలి కాబట్టి మార్చి మొదటి వారం దాటించకండి. మెట్ల కింద వెలుతురు వచ్చే నీడలో పెట్టి, రోజూ ఇసుక తడి ఆరకుండా చూస్తే నాలుగైదు వారాలకు చిగురు కదులుతుంది. పట్టుకుని మెల్లగా లాగితే రాకుండా బిగిసి ఉన్నవి వేరు పట్టినట్టు. వాటిని కవర్లలోకి మార్చి, జూన్ వానలు పడేదాకా ఆ నీడలోనే ఉంచండి.